రాయగడ లారీలు, డీజిల్ పుస్తకం: చిన్న ట్రాన్స్‌పోర్టులకు శిక్షణ మీద ఒక కేస్ స్టడీ

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం లారీ లైనులో తెలుగు వినబడని రోజుండదు. ఇటు పార్వతీపురం, అటు కొండ దారి ఘాటీ దిగితే సాలూరు. సాలూరైతే లారీల మీదే ఎదిగిన ఊరు. ఈ చుట్టుపక్కల ట్రాన్స్‌పోర్టులు చాలావరకు చిన్నవి. నాలుగు నుంచి ఎనిమిది బండ్లు, ఒక ఓనరు, ఒక గుమస్తా, రోడ్డు పక్కన ఒక గది. జేకేపూర్ కాగితం మిల్లుకు జామాయిల్, సరుగుడు, సుబాబుల్ కర్ర వస్తుంది. తేరుబలి నుంచి ఫెర్రో అల్లాయ్‌లు, గుణుపురం, మునిగుడ వైపు నుంచి పత్తి, కోరాపుట్ కొండల నుంచి చింతపండు దిగుతాయి. బియ్యం, సిమెంటు, ఉల్లిపాయలు ఎక్కుతాయి.

ఇలాంటి చోట డీజిల్, పొగ తగ్గించే శిక్షణ ఎలా ఉండాలో చూద్దాం. ఇక్కడ చర్చించేది ఏ ఒక్క కంపెనీనీ కాదు. ఈ తరహా ట్రాన్స్‌పోర్టుల తీరును ఒకచోట పెట్టి, పది చక్రాల లారీలు ఆరు ఉన్న సంస్థను నమూనాగా తీసుకున్నాం. అంకెలు లెక్క నడిచే తీరు చూపడానికి వేసిన గుండ్రటి అంకెలు. ఎవరి బండికి వాళ్లు తమ అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోవాలి.

ఇప్పుడే ఎందుకు

స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీల్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1000, 2022–23 నుంచి పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన పద్ధతిలో నివేదిక ఇవ్వాలి. సరుకు రవాణాలో వెలువడే కార్బన్‌ను లెక్కకట్టే పద్ధతికి 2023లో ఐఎస్ఓ 14083 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇవి చిన్న ఓనరుకు సంబంధం లేని విషయాల్లా కనిపిస్తాయి. కానీ పెద్ద మిల్లు తన నివేదిక నింపుకోవాలంటే కిరాయి బండ్ల డీజిల్ లెక్క కావాలి. ఆ లెక్క చూపగలిగిన ట్రాన్స్‌పోర్టుకు కాంట్రాక్టు మాట్లాడే చోట బలం ఉంటుంది.

అసలు తొందర మాత్రం డీజిల్ ఖర్చుదే. ఒక బండి నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 4 ఇస్తే 1,000 లీటర్లు తాగుతుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆరు బండ్లకు నెలకు 6,000 లీటర్లు, 16 టన్నుల పొగ. మైలేజీ 4 నుంచి 4.3కి పెరిగితే బండికి 70 లీటర్లు, ఆరింటికీ 420 లీటర్లు మిగులుతాయి. లీటరు 95 రూపాయల చొప్పున నెలకు సుమారు 40 వేలు. పొగ తగ్గించడం, ఖర్చు తగ్గించడం ఈ వ్యాపారంలో రెండు వేరు వేరు పనులు కావు. పాఠం ఇక్కడి నుంచే మొదలుపెడితే ఓనరు కూర్చుని వింటాడు.

మామూలు శిక్షణ ఎక్కడ జారిపోతుంది

పెట్రోలియం పొదుపు కోసం 1978లో ఏర్పడిన పీసీఆర్ఏ లాంటి సంస్థలు డ్రైవర్లకు మంచి పాఠాలే చెబుతాయి. రెండు గంటల క్లాసు, ఒక పుస్తకం, ఒక సర్టిఫికెట్. వారం తర్వాత డ్రైవరు పాత పద్ధతిలోకి వెళ్లిపోతాడు. తప్పు అతనిది కాదు. చాలాచోట్ల ట్రిప్పుకు ఇంత డీజిల్ అని ఓనరు ముందే కట్టి ఇస్తాడు. మిగిలిందెంతో ఎవరూ కొలవరు, మిగిల్చినవాడికి ఏమీ రాదు. లేదా మిగిలింది దారిలోనే అమ్ముడవుతుంది. ఈ ఏర్పాటు మారకుండా గేరు మార్చడం నేర్పితే అది నీటిమీద రాత.

ఇంకో చిక్కు లిపి. ఇక్కడి డ్రైవర్లలో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవలేరు. క్లీనర్లలో కువి, సవర మాట్లాడేవాళ్లూ ఉంటారు. తెలుగులో అచ్చేసిన కరపత్రం సగం మందికి పనికిరాదు, హిందీది మిగతా సగానికి పనికిరాదు. అందుకే ఈ శిక్షణలో కాగితం మీద అంకెలు, బొమ్మలు మాత్రమే ఉంచాలి. మాటలు నోటితోనే, తెలుగులో. ఇంటికి తీసుకెళ్లే పాఠం రెండు నిమిషాలు మించని వాట్సాప్ వాయిస్ మెసేజ్.

డ్రైవర్లందరూ ఒకే రోజు ఊళ్లో ఉండరు. ఐదు రోజుల క్లాసు పెడితే ఐదు రోజులూ ఖాళీ కుర్చీలే. గంటన్నర చొప్పున ఎనిమిది విడతలుగా కోసుకోవాలి. కొన్ని బండి తూచే కాటా దగ్గర లైనులో నిలబడ్డప్పుడు, కొన్ని షెడ్డులో బండి గ్రీజుకు ఎక్కినప్పుడు. వానల్లో కర్ర లోడ్లు పల్చబడే రోజులు ఓనరు, గుమస్తాల పాఠానికి అనువైనవి.

లారీ లైనులో అసలైన వృత్తి విద్య ఎప్పటి నుంచో ఉంది. క్లీనరు డ్రైవరు పక్కన కూర్చుని నేర్చుకుంటాడు, అతన్ని గురువు అని పిలుస్తాడు. బయటి నుంచి వచ్చిన శిక్షకుడు ఈ వరస దాటి నేరుగా క్లీనరుకు చెబితే ఆ మాట బండిలో నిలవదు. మొదట గురువుకు నేర్పాలి, క్లీనరుకు అతని చేతే చెప్పించాలి.

మొదటి నెల: కొలత, అంతే

మొదటి నెల ఏ సలహా ఇవ్వకూడదు. కొలవడం మాత్రమే. ఇది విసుగు పుట్టించే పని, దీన్ని వదిలేస్తే మిగతాదంతా గాలిలో కట్టిన ఇల్లు.

పద్ధతి ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు. ఒడిశా వైపు డీజిల్ ఆంధ్ర కంటే కొన్ని రూపాయలు తక్కువ కాబట్టి బండ్లు సరిహద్దు దాటే ముందు ఎలాగూ ఇక్కడే నింపుకుంటాయి. ఆ అలవాటు మనకు కలిసొస్తుంది. ప్రతిసారీ అదే బంకు, అదే పంపు, బండి అదే చదునైన చోట నిలవాలి. నాజిల్ మొదటిసారి తానే ఆగినప్పుడు ఆపేసి, రెండు నిమిషాలు నురుగు దిగనిచ్చి, మళ్లీ ఆగేదాకా నింపాలి. ఓడోమీటర్ ఫోటో, బిల్లు ఫోటో ఒకే మెసేజ్‌లో గుమస్తాకు వెళ్లాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. ట్యాంకు అంచుకు ఐదు లీటర్ల తేడా రావడం మామూలు. 200 లీటర్లు నింపినప్పుడు ఐదు లీటర్లంటే రెండున్నర శాతం. మనం వెతుకుతున్న పొదుపు మొత్తం ఆరేడు శాతమే. అంటే ఒక్కసారి నింపి మైలేజీ పెరిగిందనీ తగ్గిందనీ చెప్పడం తప్పు. నాలుగు నింపుళ్ల కిలోమీటర్లు కలిపి, లీటర్లు కలిపి, అప్పుడు భాగించాలి. నాలుగు మైలేజీల సగటు తీయడం ఇంకో తప్పు. తక్కువ దూరం తిరిగిన నింపుడుకూ ఎక్కువ దూరం తిరిగినదానికీ ఒకే బరువు ఇచ్చినట్టవుతుంది.

పాత బండ్లలో ఓడోమీటర్ పనిచేయకపోవచ్చు, తప్పు చూపవచ్చు. హైవే కిలోమీటరు రాళ్ల మధ్య 20 కిలోమీటర్లు నడిపి సరిచూస్తే ఎంత తేడానో తెలుస్తుంది. టైరు సైజు మార్చిన బండిలో తేడా తప్పక ఉంటుంది.

గుమస్తా ఇవన్నీ రాసుకునే డీజిల్ పుస్తకంలో లోడు టన్నులు, దారి పేరు కూడా ఉండాలి. ఖాళీ బండి పార్వతీపురం వెళ్లిన మైలేజీని, నిండు బండి సాలూరు, కోరాపుట్ మధ్య సుంకి ఘాటీ ఎక్కిన మైలేజీతో పోల్చితే డ్రైవర్ల మధ్య తగవు తప్ప ఇంకేమీ తేలదు.

ఘాటీ పాఠం

డ్రైవర్లతో అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టే విడత ఇది, పట్టాలి కూడా. ఇక్కడ డీజిలుతో పాటు ప్రాణం ఉంది.

కోరాపుట్ నుంచి సాలూరు దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిల్ మిగులుతుందనే నమ్మకం పాతది, బలమైనది. అది తప్పు. బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఇంజెక్టర్లకు డీజిల్ ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ తనంతట తాను తిరగాలి, అందుకు డీజిల్ కాలుతూనే ఉంటుంది. అప్పటికప్పుడు డీజిల్ వాడకం చూపే డిస్‌ప్లే ఉన్న కొత్త బండిలో ఘాటీ దిగుతూ ఇది చూపించవచ్చు. గేరులో సున్నా, న్యూట్రల్‌లో సున్నా కాదు. ఈ ఒక్క దృశ్యం పది ఉపన్యాసాల పని చేస్తుంది. డిస్‌ప్లే లేని బండ్ల డ్రైవర్లను ఆ బండి క్యాబిన్‌లో ఎక్కించి చూపాలి.

ఇంజిన్ ఆపేసి దిగడం ఇంకా ప్రమాదం. ఎయిర్ కంప్రెసర్ ఆగిపోతుంది, బ్రేకు కొట్టిన కొద్దీ గాలి ట్యాంకులో గాలి తగ్గిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుస్తుంది.

ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. లోడు నిండుగా ఉంటే ఇంకొకటి తగ్గించాలి. గేరు మలుపు దగ్గర కాదు, దిగుడు మొదలవకముందే మార్చాలి. సగం దిగాక కింది గేరు పడదు, న్యూట్రల్‌లోనే ఉండిపోతుంది. ఇంజిన్ పొగ దారి మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ వేసి ఉంచాలి. కాలి బ్రేకు గట్టిగా కొట్టి వదలాలి, గంటసేపు మెల్లగా నొక్కి ఉంచకూడదు. అలా నొక్కి ఉంచితే లైనర్లు కాలి వాసన వస్తుంది, డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనరుకు దూరమవుతుంది, పెడల్ తొక్కినా బండి ఆగదు. వేడి డ్రమ్ము మీద నీళ్లు పోసే అలవాటు కూడా మానిపించాలి, డ్రమ్ము పగులుతుంది.

చదును రోడ్డు మీద చెప్పాల్సింది తక్కువ. ఇంజిన్ వేగం చూపే టాకోమీటర్‌లో ఆకుపచ్చ భాగం దాటకుండా పై గేరుకు వెళ్లడం, ముందు బండికీ మనకీ మధ్య చోటు ఉంచుకుని బ్రేకు అవసరమే తగ్గించడం. ప్రతి బ్రేకూ కొన్న డీజిలును వేడిగా మార్చి పారబోయడమే.

గాలి: టైర్లలో, బ్రేకుల్లో

పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేసి పావుగంట వదిలేయడం అన్ని షెడ్డుల్లో కనిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కాలని అంటారు. తరచి చూస్తే బ్రేకు గాలి ఎక్కడానికి ఆగుతున్నారు, రాత్రంతా లీకయి గాలి పోయింది కాబట్టి. డ్రైవరును తిట్టి లాభం లేదు, లీకు మూయాలి. గాలి నిండాక ఇంజిన్ ఆపి, గేజీ ముల్లు చూసి, పది నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. కంటికి తెలిసేంత దిగితే లీకు ఉన్నట్టే. సబ్బు నీళ్లు గొట్టాల జాయింట్ల మీద, బ్రేకు చాంబర్ల మీద రాస్తే బుడగలు చెబుతాయి. ఈ పరీక్ష క్లీనరు పని.

నిలబడి తిరిగే ఇంజిన్ గంటకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది. మిల్లు గేటు లైనులో, కాటా దగ్గర, పొద్దున షెడ్డులో కలిపి రోజుకు గంట అనుకుంటే నెలకు 40, 50 లీటర్లు. టర్బో చల్లారడానికి ఇంజిన్ ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు చాలు.

టైర్లకు గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిచిన టైరులో వేడికి పది పదిహేను పీఎస్ఐ పెరుగుతుంది. ఎక్కువైందని తీసేస్తే తెల్లారేసరికి తక్కువవుతుంది. పంక్చరు షాపు గేజీని నమ్మకుండా ట్రాన్స్‌పోర్టుకు సొంత డయల్ గేజీ ఉండాలి. అన్నిటికంటే నిర్లక్ష్యం జంట టైర్లలో లోపలిదానికి జరుగుతుంది, వాల్వు అందదు కాబట్టి. వాల్వు ఎక్స్‌టెన్షన్ వేయిస్తే ఆ సాకు పోతుంది. రాడ్డుతో కొట్టి శబ్దం వినడం పూర్తిగా గాలి పోయిన టైరును పట్టిస్తుంది, 20 పీఎస్ఐ తగ్గినదాన్ని పట్టించదు. జంటలో ఒకటి కొత్తది, ఇంకొకటి అరిగిన రీసోలు (పైన కొత్త రబ్బరు అతికించిన పాత టైరు) వేస్తే చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది. డీజిల్ పోతుంది, టైరూ పోతుంది. రీసోలు మంచిదే, జోడీ ఎత్తు కలిసినప్పుడు.

బీఎస్ 6 బండ్ల సంగతి

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్ 6 పొగ ప్రమాణాలతో వచ్చిన బండ్లకు పొగ శుభ్రం చేయడానికి డీఈఎఫ్ (డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్) అనే ద్రవం కావాలి. నూరు లీటర్ల డీజిల్‌కు మూడు నుంచి ఐదు లీటర్లు. దీంట్లో 32.5 శాతం యూరియా ఉంటుంది. ఎరువు బస్తా యూరియా నీళ్లలో కలిపి పోస్తే చాలని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మన దేశంలో ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఆ నూనె, ఎరువులోని ఇతర మలినాలు డీఈఎఫ్ ఇంజెక్టర్‌ను మూసేసి, పొగ శుభ్రం చేసే క్యాటలిస్టును పాడుచేస్తాయి. వందలు మిగిల్చబోతే లక్షల ఖర్చు మీద పడుతుంది. డబ్బా మూత తీసి ఎండలో పెట్టకూడదు. గరాటు డీజిల్‌కు వాడింది కాకూడదు.

డాష్‌బోర్డులో పొగ ఫిల్టరు శుభ్రమవుతున్న గుర్తు వెలిగితే మధ్యలో ఇంజిన్ ఆపకూడదు. దగ్గరి దూరాలే తిరిగే బండ్లకు ఈ సమస్య ఎక్కువ. వారానికి ఒక దూరపు ట్రిప్పు ఆ బండికి వేయడం గుమస్తా చేతిలో ఉంది.

గుమస్తా బల్ల

అన్నిటికంటే పెద్ద పొదుపు స్టీరింగ్ దగ్గర కాదు, ఫోను దగ్గర ఉంది. లెక్క చూడండి.

రాయగడ నుంచి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు. 18 టన్నులతో వెళ్లేటప్పుడు లీటరుకు మూడున్నర చొప్పున 57 లీటర్లు, ఖాళీగా తిరిగొస్తే లీటరుకు ఐదు చొప్పున 40. మొత్తం 97 లీటర్లు, 260 కిలోల కార్బన్ డయాక్సైడ్. మోసిన పని, అంటే టన్నులను దూరంతో గుణిస్తే, 3,600 టన్ను కిలోమీటర్లు. టన్ను కిలోమీటరుకు 72 గ్రాములు.

తిరుగు దారిలో 50 కిలోమీటర్లు ఖాళీగా నడిచి, 12 టన్నుల సిమెంటు ఎక్కించుకుని మిగతా 150 వస్తే? ఖాళీకి 10 లీటర్లు, లోడుకు లీటరుకు 3.8 చొప్పున 39 లీటర్ల పైచిలుకు. మొత్తం డీజిల్ 107 లీటర్లకు దగ్గర. మోసిన పని 5,400 టన్ను కిలోమీటర్లు. టన్ను కిలోమీటరుకు 53 గ్రాములు. పావు వంతుకు మించి తగ్గింది. మంచి డ్రైవింగ్‌తో వచ్చేది ఆరేడు శాతం. రెండూ చేయాలి, కానీ శిక్షణ సమయం పంచేటప్పుడు గుమస్తాకు వాటా ఎక్కువ ఇవ్వాలి. సాధారణంగా అతన్ని పిలవనే పిలవరు.

రిటర్న్ లోడు దొరకకపోవడానికి కారణం ప్రతిసారీ మార్కెట్ కాదు. కర్ర మోసే బండి అడుగున బెరడు, మేకులు, విరిగిన ముక్కలు ఉంటాయి. బస్తాలు చిరుగుతాయని వ్యాపారి వద్దంటాడు. పక్క ఊచలు విప్పడానికి వీల్లేకుండా వెల్డింగ్ చేసేస్తారు, పైనుంచి ఎక్కించే సరుకు పట్టదు. బోల్టులతో విప్పే ఊచలు, ఊడ్చి పరిచే ఒక పాత పట్టా, పైన చిరగని టార్పాలిన్. బండి రూపు ఇంత మారితే గుమస్తాకు మాట్లాడే లోడ్ల రకాలు పెరుగుతాయి. టార్పాలిన్ వదులుగా కొట్టుకుంటూ పోతే గాలి అడ్డుపడి డీజిల్ కూడా ఎక్కువ కాలుతుంది. తాడు బిగించడం క్లీనరు పాఠంలో ఉండాలి.

గుమస్తాకు తెలియాల్సిన నిబంధనలు కొన్ని ఉన్నాయి. నేషనల్ పర్మిట్ మీద వెళ్లిన ఒడిశా బండి ఆంధ్రలో ఒకచోట ఎక్కించి ఆంధ్రలోనే ఇంకోచోట దించకూడదు. సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది. గేటు దగ్గర లైనులో గడువు అయిపోతే, గడువుకు ఎనిమిది గంటల ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత వరకూ పొడిగించుకోవచ్చు. ఇది తెలియక ఖాళీగా వచ్చేసే బండ్లున్నాయి.

ఓవర్‌లోడుతో టన్ను కిలోమీటరు లెక్క బాగుపడుతుందని కొందరి వాదన. పది చక్రాల బండికి మొత్తం బరువు పరిమితి 2018లో 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. దాన్ని దాటితే 20 వేల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. కమాన్లు విరగడం, టైర్లు పేలడం, ఘాటీలో బ్రేకు అందకపోవడం జరిమానా కంటే పెద్దవి. ఈ వాదనకు శిక్షణలో చోటు ఇవ్వకూడదు.

డబ్బు పంపకం

మొదటి నెల కొలత నుంచి దారి వారీగా, లోడు వారీగా ఒక ప్రమాణం కట్టాలి. దానికంటే మిగిలిన లీటర్ల విలువలో సగం డ్రైవరుకు, అందులోంచి కొంత క్లీనరుకు, ప్రతి నెలా ఒకే తేదీన చేతికి అందాలి. బత్తాలో కోత పెట్టి బోనస్ అని పేరు మార్చకూడదు. డ్రైవర్లు అది ఒక్క రోజులో పసిగడతారు, ఆ తర్వాత ఎవరి మాటా వినరు. ప్రమాణం దాటి డీజిల్ తాగితే జీతంలో కోయకూడదు. ముందు బండి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుందా, బ్రేకు పట్టేసి ఉందా, అలైన్‌మెంట్ పోయిందా. కోత పెడితే అంకెలు తప్పుగా రాయడం మొదలవుతుంది, పుస్తకం చచ్చిపోతుంది.

ప్రమాణాన్ని ప్రతి నెలా బిగించే ఓనరు కూడా ఉంటాడు. మిగిల్చిన కొద్దీ గీత పైకి జరిగితే మిగల్చడం మానేస్తారు. ఏడాదికి ఒకసారి, అందరినీ కూర్చోబెట్టి మార్చాలి.

షెడ్డు

కాలిన ఆయిల్‌ను చాసిస్‌కు పూయడం, మట్టిలో వదలడం రెండూ ఇక్కడ మామూలే. వాగుల పక్కనే షెడ్లుంటాయి. మూత ఉన్న డ్రమ్ములో పోసి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే అమ్మాలి, రసీదు దాచాలి. పాత బ్యాటరీలు కొత్తవి కొన్న డీలరుకే తిరిగి ఇవ్వాలి. ఎయిర్ ఫిల్టరును నేలకేసి కొట్టి దులపడం మానాలి, కాగితం చిరిగి దుమ్ము నేరుగా సిలిండర్లలోకి వెళ్తుంది.

ఎలక్ట్రిక్ బండ్ల గురించి ప్రతి విడతలో ప్రశ్న వస్తుంది. రాయగడ ఊళ్లో, గుణుపురం బజారులో సరుకు దించే మూడు చక్రాల బండ్లకు లెక్క కుదురుతుంది, దూరం తక్కువ, రాత్రి చార్జింగ్ షెడ్డులోనే. 18 టన్నులతో ఘాటీ ఎక్కే బండికి ఈ దారిలో ఇప్పుడే కాదు.

ఎనిమిది విడతలయ్యాక శిక్షకుడు వెళ్లిపోతాడు. తర్వాత పుస్తకం ఆగేది సాధారణంగా డ్రైవరు మారినప్పుడు. కొత్తవాడికి ఆ బండి ప్రమాణం ఎవరూ చెప్పరు, ఫోటోలు రావడం ఆగిపోతుంది, రెండు నెలల్లో పాత పద్ధతే. అందుకే బండి పుస్తకం డ్రైవరు పేరు మీద కాక బండి నంబరు మీద ఉండాలి. కొత్తవాడు మొదటి రెండు ట్రిప్పులు ఆ బండి క్లీనరుతోనే వెళ్లాలి, ఘాటీ ఏ గేరులో దిగాలో ఆ బండిలో అప్పటికి బాగా తెలిసినవాడు అతనే కాబట్టి.